మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగిన మహానుభావుడు

మన ప్రాంతంలో మర్యాద ఇంకా బతికి ఉందంటే అది సైబర్ దొంగల చలవే! కోపంతో అంటున్న మాట కాదిది. కాఫీ తాగి, బాగా ఆలోచించి, స్థిమితంగా కూర్చుని రాస్తున్నాను.

మీరే చెప్పండి. పొద్దున్నే మీకు ఫోన్ చేసి "నమస్కారమండీ, బాగున్నారాండీ?" అని ఈమధ్య అడిగినవాడెవడు? మీ తమ్ముడా? మీ మేనల్లుడా? కాదు కదా! వాళ్లు గుడ్ మార్నింగ్ బొమ్మ పంపేసి చేతులు దులుపుకుంటారు. నోరారా పలకరించేది ఒక్క సైబర్ దొంగే.

పెదపాడు దగ్గర చేపల చెరువులున్న అబ్బాయిరాజుగారిని అడగండి. కరెంటు పోయి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగి, చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలిన రోజున ఆయన కరెంటాఫీసుకి ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తిన నాథుడు లేడు. "మీ కరెంటు ఈ సాయంత్రం కట్ చేస్తామండీ, ఆపాలంటే ఈ లింకు నొక్కండి" అని మాత్రం ఒకడు తనంతట తానే ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఇంత బాధ్యత ఎక్కడైనా చూశారా?

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి జానీగారినైతే యూనిఫాం వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వీడియో కాల్లో అరెస్టు చేశాడు! "మీ పార్సిల్లో డ్రగ్స్ దొరికాయి సార్, కెమెరా ముందు నుంచి కదలకండి" అన్నాడట. జానీగారు జన్మలో పార్సిల్ పంపి ఎరగరు. అయినా ఎదుటివాడు సార్ అంటుంటే మాట మధ్యలో ఫోన్ పెట్టేయడం ఎలాగండీ? గంటన్నర బుద్ధిగా కూర్చున్నారు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన ఇంటిపట్టున అంతసేపు కుదురుగా కూర్చోవడం అదే మొదలని ఆయన భార్య అమీనాగారు మురిసిపోయారు. ఆనక ఆవిడే ఫోన్ అందుకుని, "ఏ స్టేషనో చెప్పండి, మా ఆయన్ని ఆటోలో నేనే తీసుకొస్తానండీ" అన్నారు. యూనిఫాం మాయం! వీడియో కాల్లో అరెస్టులు చేయడమంటూ ఉండదని ఆవిడకు ఎవరు చెప్పారో మరి. లేకపోతే ఆ పెద్దమనిషి ఇంకో గంట మర్యాద చేసేవాడు.

ఇక ఏలూరులో, మా వీధి విక్టోరియాగారి సంగతి. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. ఒంటరి మనిషి. మోకాళ్లు అరిగిపోయి, చర్చిలో అందరూ మోకరిస్తే ఆవిడ మాత్రం రెండేళ్లుగా కుర్చీలోనే తల వంచుకుంటున్నారు. ఆ చిన్నతనం ఆవిడకు నొప్పికన్నా ఎక్కువ. రిటైర్మెంటు డబ్బు రాగానే ఆపరేషన్ చేయించుకుందామని కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశారు. వచ్చింది.

వస్తే ఏం చేస్తారు? మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది మా ఆచారం. ప్రార్థన మనవిలో దాపరికం ఉండకూడదు! "సంఘానికి వందనాలు. నా డబ్బు సోమవారం మెయిన్ బజారు బ్రాంచిలో అకౌంటులో పడింది. ఇరవై రెండున మోకాలి ఆపరేషన్. ఆ రోజే నాకు అరవై నాలుగు నిండుతాయి. ప్రార్థించండి."

పేరు, బ్యాంకు, పుట్టినరోజు, ఇంట్లోకి డబ్బొచ్చిన రోజు! దొంగ ఇంకేం అడుగుతాడు?

గ్రూపులో రెండువందల ఎనభై మందిమి. లింకు దొరికినవాడల్లా చేరిపోవచ్చు. నూట నలభై మంది దండం బొమ్మ పెట్టారు. నేనూ పెట్టాను. పూర్తిగా చదివినవాడు మాత్రం ఒక్కడే.

మర్నాడు పదింటికి వాడు ఫోన్ చేశాడు. "వందనాలమ్మా! పెన్షన్ సెక్షన్ నుంచండీ. మోకాలి నొప్పి ఎలా ఉందండీ?"

ఊరంతట్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి! వాళ్లమ్మకీ అదే ఆపరేషన్ అయిందట. మెట్లెక్కవద్దన్నాడు. కాపడం ఎలా పెట్టుకోవాలో చెప్పాడు. మూడు రోజులు వరసగా పదింటికల్లా పలకరించాడు, డబ్బు ఊసెత్తలేదు. నాలుగో రోజున, "లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలమ్మా. ఈ నొప్పితో బ్యాంకుకేం వస్తారు? ఓ ఫైలు పంపుతాను, ఫోన్లో ఎక్కించుకోండి చాలు" అన్నాడు. ఎంత దయో చూడండి!

ఎక్కించుకున్నారు. అప్పటినుంచి ఆవిడ ఫోనుకొచ్చే ఓటీపీలన్నీ వాడికీ కనిపించాయి. పావుగంటలో ఆపరేషన్ డబ్బంతా ఊడ్చుకుపోయింది. ఆ నిమిషానే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఉంటే కొంతైనా ఆగేదేమో. కానీ "సర్వర్ పని జరుగుతోందమ్మా, రేపటిదాకా ఫోన్ ముట్టుకోకండి" అన్నాడు కదా! నొప్పి అడిగిన మనిషిని అనుమానించడం ఎలా? ముట్టుకోలేదు.

విషయం తెలిసి నేను వెళ్లాను. పదకొండేళ్లుగా మూడిళ్ల అవతల కాపురం ఉంటున్నాను, వాళ్లింట్లో కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చున్నాక ఊరుకుంటానా? బ్యాంకువాళ్లు ఫోనుకి ఫైళ్లు పంపరని, గ్రూపుల్లో డబ్బు సంగతులు పెట్టకూడదని, ఎవరైనా తొందరపెడితే ముందు బ్రాంచికి వెళ్లి కనుక్కోవాలని దండిగా ఉపన్యాసమిచ్చాను.  అప్పటికీ ఉండబట్టలేదు.

"ఆ ఫైలు నొక్కేముందు నన్నొక్క మాట అడగాల్సింది కదండీ?"

"అడుగుదామనే చేశానండీ," అన్నారు మెల్లగా. "రెండుసార్లు మోగింది. మీరేదో రాసుకుంటూ ఉంటారు, ఇబ్బంది పెట్టడం ఎందుకని మానేశానండీ."

ఇంటికొచ్చి ఫోన్ తీశాను. డబ్బు పోయిన రోజు, పదీ నలభై. మిస్డ్ కాల్స్ రెండు. పేరు లేదు, ఉత్త నంబరు. ఎవడో దొంగ అయ్యుంటాడని అప్పుడే బ్లాక్ కూడా చేశాను.

పదకొండేళ్ల పొరుగుమనిషి నంబరు నా ఫోన్లో లేదు. ఆ దొంగ ఫోన్లో ఉంది.