కదలని చోట కట్టిన దారం

పదకొండుకి విజయనగరంలో వయొలిన్ పరీక్ష. ఏడున్నర రైలు పట్టుకుంటే హాయిగా చేరిపోవచ్చని చీపురుపల్లి కిరాణా వ్యాపారి మోహనకృష్ణ ధీమా. ఆయన కూతురు అనూరాధ ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే బొబ్బిలి బడిలో సంగీతం టీచరు ఉద్యోగం చేజారిపోతుంది. పిల్ల ఇడ్లీ పక్కకి నెట్టేసి వయొలిన్ సాధనకి కూర్చుంది. తీగ సన్నగా ఈల వేసినట్టు పలికింది.

"ఏటే ఆ ఈల?" అంది తల్లి కమలాదేవి పూజగదిలోంచి.

"హార్మోనిక్స్ అమ్మా. తీగని నొక్కకూడదు, సరిగ్గా సగంలో వేలు ఆనించాలంతే. తీగ రెండు సగాలుగా ఊగుతాది, మధ్యన ఆ చోటు మాత్రం కదలదు. అప్పుడే పైస్థాయి పలుకుతాది. నాకేమో భయమేస్తే వేలు నొక్కేస్తాది. రెండుసార్లూ అక్కడే పోనాది."

"కదలదా?" అని కమలాదేవి ఆలోచనలో పడింది.

పరీక్ష గది బయట వయొలిన్ పెట్టె తెరిచిన అనూరాధ "నాన్నా!" అని కేకేసింది. తీగల మీదుగా, సరిగ్గా సగంలో, అరసవల్లి గుళ్లో ఇచ్చిన రక్షదారం చుట్టి ఉంది. ఏ తీగ మీద కమాను పెట్టినా ఈలే. ఇక వర్ణం ఎలా వాయించడం? మోహనకృష్ణ ముడి విప్పబోయాడు, రాలేదు. పంటితో లాగాడు, ఇంకా బిగిసింది. పక్క కొట్లో బ్లేడు కొనుక్కొచ్చి, ఎందుకైనా మంచిదని భార్యకు ఫోన్ చేశాడు.

"రక్ష తెంపేస్తారేటి? పనయ్యేదాకా ముట్టుకోకండి! కదలని చోటని సూసి కట్టాను. ఇంకెక్కడ కట్టినా జారిపోతాది!"

ఆ అరుపుకి బ్లేడు జారి ఒక తీగ తెగింది. అప్పుడే లోపల్నుంచి అనూరాధను పిలిచారు. దారంతో, తెగిన తీగతో అలాగే లోపలికి వెళ్లింది.

పరీక్షకుడు జగన్నాధం మొదటే హార్మోనిక్స్ అడిగాడు. ఆమె వేలు ఆనకముందే, కమాను తగలగానే ఈల స్వచ్ఛంగా మోగింది. ఆయన లేచి దగ్గరికొచ్చి చూశాడు. అనూరాధ ఏడ్చేసి, జరిగిందంతా చెప్పింది.

"మీ అమ్మ సరిగ్గా అక్కడే ఎందుకు కట్టిందీ?"

"అక్కడ తీగ కదలదు కదా సార్. దారం నిలబడతాదని..."

"పొద్దుట్నుంచి తొమ్మిదిమంది వాయించారు. అక్కడే వేలెందుకు ఆనించాలని అడిగితే ఒక్కరూ చెప్పలేదు," అంటూ జగన్నాధం తన వయొలిన్ ఆమె చేతిలో పెట్టాడు. "ఇప్పుడు దీని మీద వాయించమ్మా."

ఏడ్చాక చెయ్యి తేలికపడింది. వేలు ఆనింది, నొక్కలేదు.

"పాసైపోనాదే!" అని మోహనకృష్ణ ఫోన్లో కేకేశాడు. "తీగ ఒకటి తెగిపోనాదనుకో."

"తీగదేటుంది, దారం బాగున్నాదా?"

ఆ ఇంట్లో ఇప్పుడు వయొలిన్ మీద సందేహం వస్తే ముందు కమలాదేవినే అడుగుతున్నారు.