ఆగిపోయిన వేళల రిజిస్టరు

ఆ రోజు ఉదయం రిజిస్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా వంట ముగించాలి. మూడున్నరకి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. నాలుగింటికి ఇంటర్వ్యూ ఇవ్వాలి. ఇంతకంటే పెద్ద కోరికలు కోరే ఓపిక ఆవిడకి నాలుగు నెలల క్రితమే అయిపోయింది.

రిజిస్టరమ్మ అనేది లైబ్రరీలో తోటివాళ్ళు పెట్టిన పేరు. ఆవిడ దేనికైనా గళ్ళు గీసి రిజిస్టరు పెడుతుంది. చిరిగిన పుస్తకాలకి ఒకటి, పాఠకులు మరిచిపోయిన గొడుగులకి ఒకటి, ఆ గొడుగులు వాన పడ్డప్పుడు తీసుకెళ్ళి తిరిగి తేని సిబ్బందికి ఇంకొకటి. పద్నాలుగేళ్ళుగా ఆవిడ సహాయ లైబ్రేరియన్. ఆ "సహాయ" అన్న ముక్కని ఊడదీయించుకోవడానికే ఈ ఇంటర్వ్యూ. ముగ్గురు పెద్దలు తెర మీద కనిపించి ప్రశ్నలు అడుగుతారు. ఆఫీసు కంప్యూటర్ వాడకూడదు, ఫోన్ పనికిరాదు. మధ్యలో రెండుసార్లు తెగిపోతే గైరుహాజరు కింద లెక్క. ఈసారి పోతే మళ్ళీ అడగడానికి వయసు దాటిపోతుంది.

ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కేమో నాలుగు నెలలుగా చెప్పాపెట్టకుండా ఆగిపోయే జబ్బు పట్టుకుంది. బాగానే నడుస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి తెర నల్లబడుతుంది, సీపీయూలోంచి ఓ నిట్టూర్పు వినిపిస్తుంది, అంతే. పది నిమిషాలు ఆగి మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలవుతుంది.

మొదట మెకానిక్ ఇంటికి వచ్చాడు. గంటసేపు కూర్చున్నాడు. ఆ గంటలో కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. పెట్టె విప్పి లోపల టార్చి వేసి చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏంటమ్మా ఇది, ఇంత శుభ్రంగా ఉంది! నేను విప్పే వాటిల్లో సగం పిచ్చుక గూళ్ళలా ఉంటాయి."

"మా అత్తగారు దుమ్ము పడనివ్వరు," అంది రిజిస్టరమ్మ.

"అలాగే చూసుకోండి. దుమ్మూ చెమ్మా, వీటికి ఈ రెండే శత్రువులు."

ఈ మాట తలుపు వెనక నుంచి అత్తగారు విన్నారు.

అత్తగారు నలభై ఏళ్ళు టైలరు. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టీ కుట్టీ చూపు తగ్గి దుకాణం మూసేశారు గానీ, చేతులకి ఆ సంగతి ఇంకా తెలియదు. ఇంట్లో బట్ట కట్టని వస్తువు లేదు. ఫ్రిజ్ పిడికి తొడుగు, టీవీకి తొడుగు, రేడియోకి తొడుగు, రిమోటుకి జేబున్న తొడుగు. సీపీయూకి అయితే కొలతలు తీసి మరీ కుట్టారు. దాని మొహం ఎవరూ చూడక్కర్లేదు కాబట్టి పని చేసేటప్పుడు కూడా తొడుగు తియ్యాల్సిన అవసరం రాకుండా, మీట దగ్గర సరిగ్గా వేలు పట్టేంత కాజా కుట్టారు. వెనక తీగలు బయటికి రావడానికి మరో కాజా. ఎవరైనా ఇంటికొస్తే మాత్రం అది ఇంట్లో కట్టుకునే బట్ట కాబట్టి గబగబా విప్పి మంచం కింద దాచేవారు. మెకానిక్ వచ్చినప్పుడూ దాచారు.

దుమ్మూ చెమ్మా అన్న మాట విన్న మర్నాడే తొడుగుకి లోపల దూది పెట్టి బొంతలా కుట్టారు. కంప్యూటర్ ఇంకా తొందరగా ఆగసాగింది. అత్తగారు తల పంకించి, "చూశావా, మన వల్లేమీ కాదు, జబ్బే ముదిరింది" అన్నారు.

రెండోసారి మెకానిక్ దాన్ని షాపుకే తీసుకెళ్ళాడు. రెండు రోజుల తర్వాత మోసుకొచ్చి గుమ్మంలో దించాడు.

"రెండు రోజులు ఏకబిగిన నడిపించానమ్మా. ఒక్కసారి ఆగితే ఒట్టు. తేడా దీంట్లో లేదు, మీ ఇంట్లోనే ఏదో ఉంది. ఎప్పుడు ఆగుతోందో రాసి పెట్టుకోండి."

రాసి పెట్టుకోమని రిజిస్టరమ్మకి చెప్పడమంటే, ఇక ఆ పని తిరుగులేనిదే. ఆ సాయంత్రమే ఎనిమిది గళ్ళు గీసింది. తేదీ. మొదలెట్టిన వేళ. ఆగిన వేళ. ఏం పని చేస్తుండగా. ఇంట్లో ఎవరెవరు. ఏయే స్విచ్‌లు వేసి ఉన్నాయి. ఆకాశం ఎలా ఉంది. ఎనిమిదోది, అన్నిటికంటే వెడల్పుది, కారణం. నెల తిరిగేసరికి ఏడు గళ్ళు నిండాయి. ఎనిమిదోది తెల్లగా ఉంది.

పదకొండు సార్లు ఆగితే పదకొండు సార్లూ ఫ్రిజ్ వేసి ఉంది. అందులో తొమ్మిదిసార్లు మరిది ఇంట్లో ఉన్నాడు. మరిది బేకరీలో పని చేస్తాడు, తెల్లవారకముందే వెళ్ళి పొద్దెక్కేసరికి వచ్చేస్తాడు. పగలంతా ఇంట్లోనే ఉంటాడన్న సంగతి రిజిస్టరులో ఏ గడిలోనూ లేదు.

అంచేత ఇంటర్వ్యూ రోజు ఉదయం రెండు నిర్ణయాలు అమలయ్యాయి. ఫ్రిజ్ స్విచ్ కట్టేశారు. బేకరీ నుంచి అప్పుడే వచ్చిన మరిదిని గుమ్మంలోనే ఆపేశారు.

"వదినా, ఇది అన్యాయం. నేనేం చేశాను?"

"నువ్వేం చేశావో తెలిస్తే ఇంత బాధ ఎందుకు? తొమ్మిదిసార్లు ఉన్నావు."

"మిగతా రెండుసార్లు లేను కదా! అవి చెప్పవేం?"

"ఆ రెండుసార్లూ నీ చెప్పులు ఇంట్లో ఉన్నాయి," అన్నారు అత్తగారు, కొడుకు అని కూడా చూడకుండా.

మూడు రోజులుగా ముసురు. మరిది మేడమెట్ల మీద రేకు కింద కూర్చున్నాడు. పక్కనే హాలు కిటికీ. కనీసం టీ అయినా పోయమని అందులోంచి అడిగాడు. టీ ఇచ్చారు, చెప్పులు కూడా ఇచ్చారు.

పెద్ద కొడుకు, అంటే రిజిస్టరమ్మ భర్త, బస్సు డ్రైవరు. డ్యూటీకి పోతూ ఇదంతా చూశాడు. "నేను ఎన్నిసార్లు ఉన్నాను?" అని అడిగాడు. నాలుగుసార్లని చెప్పాక ప్రాణం కుదుటపడి వెళ్ళిపోయాడు.

మూడున్నరకి రిజిస్టరమ్మ కంప్యూటర్ పెట్టింది. మూడూ ముప్పై ఎనిమిదికి తెర నల్లబడింది.

ఎనిమిది నిమిషాలు. రిజిస్టరులో ఇంత తక్కువ ఎప్పుడూ లేదు.

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే కళ్ళు ఉబ్బుతాయి, ఉబ్బిన కళ్ళు తెర మీద కనిపిస్తాయి. తల బల్లకి ఆనించి, "అత్తయ్యా, ఇంక నా వల్ల కాదు" అంది. "పద్నాలుగేళ్ళు ఎలాగో లాక్కొచ్చాను. సహాయ అన్న మాటతోనే రిటైరవుతాను. అదేం చెడ్డ మాట కాదు."

"లే, లే, అమ్మాయ్! చల్లగాలికి బిగుసుకుపోయిందేమో అది. నిన్ననే పాత రెయిన్‌కోటు కత్తిరించి అస్తరు కూడా వేశాను కదా, చెమ్మ తగలకుండా. ఇంకెందుకు ఆగుతోందో మరి!" అంటూ అత్తగారు సీపీయూని ఓసారి నిమిరి చూశారు. "వెచ్చగానే ఉంది పాపం."

గడియారం మూడూ యాభై చూపించింది. రిజిస్టరమ్మ కాజాలో వేలు పెట్టబోతుంటే అత్తగారు చటుక్కున ఆపారు.

"ఉండు! ముగ్గురు పెద్దవాళ్ళు వస్తున్నారన్నావుగా?"

"తెర మీదకి వస్తారు అత్తయ్యా, ఇంటికి కాదు."

"ఎక్కడికైతేనేం, చూస్తారు కదా! రెయిన్‌కోటు గుడ్డ చూస్తే ఏమనుకుంటారు?" అని తొడుగు విప్పి పక్కన పడేశారు.

నాలుగింటికి ముగ్గురు పెద్దలు తెర మీదకి వచ్చారు. మధ్యలో అధ్యక్షుడు, అటు ఒక నిద్రమొహం ఆయన, ఇటు ఒక కళ్ళజోడు ఆవిడ. పుస్తకాల వర్గీకరణ గురించి అడిగారు. పోయిన పుస్తకాల గురించి అడిగారు. రిజిస్టరమ్మ ప్రతి జవాబునీ ఇదే ఆఖరిదన్నట్టు గబగబా చెప్పేసి ఊపిరి బిగబట్టేది. తెర నల్లబడేది కాదు. మళ్ళీ ఇంకో ప్రశ్న వచ్చేది.

నాలుగున్నరకి కిటికీలో మరిది తల కనిపించింది. చేతులు ఊపుతున్నాడు. ఉత్సాహపరుస్తున్నాడు కాబోలని రిజిస్టరమ్మ కొంచెం నవ్వింది. వాడు ఇంకా గట్టిగా ఊపి, నేల వైపు వేలు చూపించాడు. ఆవిడ కిందికి చూసింది.

పొద్దున్నుంచీ కట్టేసి ఉన్న ఫ్రిజ్‌లో ఏళ్ళ తరబడి పేరుకున్న మంచు కరిగి, వంటగది దాటి, హాల్లోకి వచ్చేసింది. నీళ్ళు మెల్లగా, ఎవరినీ నొప్పించకుండా, నేల మీదున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ వైపు పాకుతున్నాయి.

"పాఠకుల ఫిర్యాదులు ఎలా పరిష్కరిస్తారు?" అన్నాడు అధ్యక్షుడు.

"ముందుగా, ప్రమాదం ఎంత దూరంలో ఉందో చూస్తామండీ," అంది రిజిస్టరమ్మ, కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుంటూ.

మరిది గుమ్మం దాకా వచ్చి లోపలికి అడుగు పెట్టబోయాడు. అత్తగారు కళ్ళతోనే ఆపేశారు. ఆవిడే వంగుని తెరకి కనపడకుండా బల్ల కిందికి దూరారు. చేతికి ఏం దొరికితే అది తీసుకున్నారు. దొరికింది సీపీయూ తొడుగు. దూదీ రెయిన్‌కోటూ కలిసిన ఆ బొంత నీళ్ళకి అడ్డంగా పడి, తాగినంత తాగి మిగతాది ఆపేసింది. అత్తగారు బాక్సుని పైకెత్తి పీట మీద పెట్టి, బకెట్ కోసం వంటగదిలోకి వెళ్ళారు.

అప్పుడు కళ్ళజోడు ఆవిడ ఆఖరి ప్రశ్న అడిగింది.

"మీరు చేసిన పెద్ద పొరపాటు ఒకటి చెప్పండి. దాన్ని మీరే ఎలా పట్టుకున్నారు?"

దీనికి రిజిస్టరమ్మ దగ్గర తయారుచేసుకున్న జవాబు ఉంది. పొరపాటున రెండుసార్లు నంబరు వేసిన నిఘంటువు కథ. చెప్పబోతూ గడియారం చూసింది. ఇంటర్వ్యూ మొదలై నలభై ఎనిమిది నిమిషాలు. కింద నీళ్ళలో నానుతున్న తొడుగుని చూసింది. బట్ట లేకుండా, హాయిగా గాలి పీల్చుకుంటూ గుర్రుమంటున్న సీపీయూని చూసింది. మెకానిక్ ఉన్న గంట, షాపులో ఉన్న రెండు రోజులు, పొద్దున గుమ్మంలో నిలబడ్డ మరిది, అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"ఆగిపోయినట్టుందండీ," అన్నాడు నిద్రమొహం ఆయన, తన కంప్యూటర్‌ని తడుతూ. "బొమ్మ కదలట్లేదు."

"లేదండీ. కంప్యూటర్ బాగానే ఉంది. నేనే ఆగాను."

తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేసింది. రిజిస్టరు ఎత్తి కెమెరాకి చూపించింది. ఎనిమిది గళ్ళు పెట్టాను గానీ తొడుగుకి గడి పెట్టలేదండీ, రోజూ కళ్ళెదురుగా ఉండేదాన్ని రాయాలని తోచలేదు అంది. పట్టుకున్నది ఎప్పుడని అడిగితే, ఇప్పుడే, మీరు అడిగాక అని ఒప్పుకుంది.

నిద్రమొహం ఆయనకి నిద్ర పూర్తిగా పోయింది. కళ్ళజోడు ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. అధ్యక్షుడు మాత్రం రిజిస్టరుని దగ్గరికి జరపమని శ్రద్ధగా చదివాడు.

"ఈ ఐదో గడిలో మాటిమాటికీ వస్తున్న మరిదిగారు ఇప్పుడు ఎక్కడున్నారు?"

"మెట్ల మీదండీ."

"ఈ వానలోనా?"

"రేకు ఉందండీ."

"మా లైబ్రరీల్లో నష్టం జరిగితే ఒక్కరూ తమ పేరు రాసుకోరమ్మా. ఎప్పుడూ ఎలకలే. మా ముగ్గురికీ మీరు నచ్చారు, ఉత్తర్వు సోమవారం వస్తుంది. ముందు ఆయన్ని లోపలికి పిలవండి."

తెర ఖాళీ అయింది. మరిది లోపలికి వచ్చి, అడగకుండానే గుడ్డ తీసుకుని నేల తుడవడం మొదలెట్టాడు. రిజిస్టరమ్మకి లేచే ఓపిక లేదు. సంతోషం తర్వాత పడదామనుకుని, ముందు రిజిస్టరు తెరిచి ఎనిమిదో గడి మీద కలం పెట్టింది.

ఇంతలో అత్తగారు బకెట్ పట్టుకుని వచ్చారు. నడుము పట్టేసింది, చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"గంటసేపు ఒక్కసారైనా ఆగిందా? రాత్రంతా రెయిన్‌కోటు అస్తరు చెమ్మ తగలనివ్వకపోబట్టే కదమ్మా! వీడి చిన్నప్పటి రెయిన్‌కోటు అది, ఇన్నేళ్ళు దాచినందుకు పనికొచ్చింది. ఆరగానే మళ్ళీ తొడుగుతాను."

"ఆరనివ్వండి అత్తయ్యా. బాగా ఆరాలి."

"ఈ వాతావరణంలో ఎన్నాళ్ళకి ఆరుతుంది?"

"ఎన్నాళ్ళయినా ఫర్వాలేదు. తొందరేం లేదు."

"ఇంతకీ కారణం ఏంటని రాస్తున్నావు?"

రిజిస్టరమ్మ తొడుగు వంక చూసింది. వరసగా, ఒక్క పోగు కూడా లేవకుండా కుట్టిన ఆ రెండు కాజాల వంక చూసింది. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఏ రిజిస్టరులోనూ ఆవిడ ఒక్క అబద్ధం రాయలేదు. ఆ వెడల్పాటి గడిలో కుదురైన అక్షరాలతో "ఎండలు" అని రాసి, కింద సంతకం పెట్టింది.

బయట ముసురు నాలుగో రోజుకి పడేలా ఉంది.