స్తంభం బనీను కోసం జరిగిన సంగ్రామం

చనిపోయిన మనిషి నోట లేని మాట పెట్టడం తప్పు. బావమరిది ఆ తప్పు చేశాడు. ఇందులో వాదం లేదు.

ఇక యుద్ధక్రమంబెట్టిదనిన: మధ్యాహ్నమార్తాండుడు నడినెత్తిన నిలిచి రేకుల కప్పును అట్లపెనమువలె కాల్చుచుండ, వీధికుక్కలు సైతము చిరకాలవైరములు మాని ఒక్క నీడను పంచుకొనుచుండ, కత్తెర, కొలతటేపు, ఇస్త్రీపెట్టె అను ఆయుధత్రయముతో విరాజిల్లు ఒక దర్జీ దుకాణమున, ఊరందరి పొట్టల చుట్టుకొలతలెరిగియు ఎన్నడును పైకి చెప్పని గుట్టుకాడును, మితభాషాధురంధరుడును, క్షమాగుణమునకు ఆమడదూరముననుండువాడును, భార్య పోయినది మొదలు నవ్వును పొదుపు చేయుచున్నవాడును అగు దర్జీ, నోట గుండుసూదులు కరచిపట్టి, మిషను తొక్కుచుండెను.

అంతలో మెడన ఈల వ్రేలాడ, చంకన నీలివస్త్రపు మూటతో ఈలాయుధుడగు బావమరిది ప్రవేశించాడు. బస్సు డిపో బాస్కెట్‌బాల్ జట్టుకు అతడే కోచ్. చనిపోయినామెకు స్వయానా తమ్ముడు.

"బావా, పది బనీన్లు. ఆదివారం ఆటకు కావాలి."

దర్జీ సూదులు తీసి పక్కన పెట్టాడు. "మీరు పదకొండు మంది కదరా."

"పదే. స్తంభాన్ని తీసేస్తున్నాం."

స్తంభమనగా డిపోలో టైర్లు మార్చే మనిషి. తాళవృక్షసమానోన్నతుడు, గజగమనుడు. జట్టులో అతని పని నిలబడటం. ప్రత్యర్థులు పరుగున వచ్చి అతనికి గుద్దుకుంటారు. ఈలోగా మనవాడు బంతితో అవతలికి జారిపోతాడు. ఇన్నేళ్లలో స్తంభం ఒకే ఒక్కసారి బుట్టలో బంతి వేశాడు. అది మనవాళ్ల బుట్ట.

"ఆట మారిపోయింది బావా," అన్నాడు బావమరిది. "ఇప్పుడంతా పరుగు, దూరం నుంచి విసరడం. ఆ కొత్త కండక్టరు వచ్చాక జట్టు రూపే మారింది. ఊరికే మెరుపు అంటున్నారా వాణ్ణి? స్తంభం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేలోపు టీ చల్లారిపోతుంది."

"మెరుపు విసిరేటప్పుడు వాడి మీదికి ఎవడూ ఎందుకు రాడు?"

"వాడి చురుకు అలాంటిది."

"చురుకు కాదు, నీ మొహం. మధ్యలో స్తంభం ఉంటాడు."

"ఉంటాడు. గోడ కూడా ఉంటుంది. గోడకు బనీను కుట్టిస్తామా? డిపోవాళ్లు ఇచ్చింది పది మందికి సరిపడా గుడ్డ. ఆ ఒక్కడికే ఇద్దరి గుడ్డ పడుతుంది. అందులో పరుగెత్తేవాళ్లు ఇద్దరొస్తారు."

ఆ వాక్కు బాణమై నాటగా దర్జీ కన్నులెర్రవారెను. "ఓరీ ఈలాయుధా! మబ్బులేని మెరుపును కన్నవాడెవ్వడు? గొళ్లెములేని తలుపును నమ్మి నిద్రించువాడెవ్వడు? పదిమంది పరుగిడుటకు ఒక్కడు నిలువవలెనని ఎరుగని నీవా గురుడవు, నీదా జట్టు, నీదా ఈల!" అని మనసున మేఘగంభీరధ్వనితో గర్జించి, పైకి ఇట్లనెను:

"కుట్టను."

"ఏంటి బావా, చిన్నపిల్లాడిలా!"

"కుట్టనంటే కుట్టను. పట్టుకుపో."

అప్పుడు ద్వారము చీకటియయ్యెను. చూడగా స్తంభం. నడుము వంచి, మెడ వంచి, అయినా తలుపు కమ్మికి నుదురు కొట్టుకుని లోపలికి వచ్చాడు.

"బాబాయ్, కొలతలిద్దామని వచ్చాను. బయటికి వినపడుతోంది మీ గొడవ." నుదురు రుద్దుకుంటూ బావమరిది వైపు తిరిగాడు. "తీసేస్తే తీసేయండి కోచ్‌గారూ. నిజం చెప్పాలంటే మోకాళ్లు పీకేస్తున్నాయి. ఆదివారం హాయిగా పడుకుంటాను."

"నువ్వు ఊరుకో!" అని ఇద్దరు వీరులూ ఏకకంఠంతో గద్దించారు.

"నా గురించే కదా..."

"నీకు సంబంధం లేదు. కూర్చో," అన్నాడు దర్జీ.

స్తంభం ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. మోకాళ్లు చెవుల దగ్గరికి వచ్చాయి.

బావమరిది ఓడుతున్నానని గ్రహించాడు. ఓడేవాడు చేయకూడని పని చేశాడు.

"అక్క కూడా ఇదే అంది బావా. ఆస్పత్రిలో. స్తంభం దండగరా, తీసెయ్యి అంది."

మిషను ఆగింది.

ఆమె ప్రతి ఆటకూ వచ్చేది. చివరి బెంచీ మీద కూర్చునేది. బంతి వేసినవాడికి కాక, వాడికి దారి ఇచ్చి గుద్దులు తిన్న స్తంభానికి చప్పట్లు కొట్టేది. బనీన్ల మీద అంకెలు ఆమే కుట్టేది. ఆస్పత్రిలో బావమరిది, దర్జీ ఆమె పక్కన వంతులవారీగా కూర్చున్నారు. బావమరిది వంతులో ఆమె ఏమన్నదో దర్జీకి తెలియదు. ఆ గంటల్లో తను అక్కడ లేడు. ఆ మాట నిజమైతే, భార్య మనసులో తనకు తెలియకుండా ఒకటి మారినట్టే.

మూలన గుడ్డ కప్పిన రెండో మిషను ఉంది. ఆమెది. దర్జీ దాన్ని చూపించాడు.

"దాని మీద చెయ్యి పెట్టి చెప్పు."

"ఇంత చిన్నదానికి ఒట్లెందుకు బావా?"

"చిన్నదే కదా. పెట్టు."

బావమరిది కుడిచేయి లేచెను. మదగజతుండమువలె సాగెను. ఈలలూది, క్రీడాకారులను శాసించి, రిఫరీలను సైతము వేలుచూపి గడగడలాడించిన ఆ చేయి, మిషనుకు జానెడు దూరమున, ఎదుట కోటగోడ లేచినట్లు ఆగిపోయెను. దిక్కులు నిశ్శబ్దములయ్యెను. పీట కిర్రుమనెను.

చేయి వెనక్కి వచ్చింది.

"అనలేదు బావా."

"మరి ఏమంది?"

"నీళ్లడిగింది. ఫ్యాను తగ్గించమంది."

"ఆట గురించి?"

"ఏమీ అనలేదు. ఏదో నోటికొచ్చి అనేశాను."

దర్జీ క్షమించలేదు. టేపు మెడలో వేసుకుని స్తంభం వైపు తిరిగాడు.

"లే. చేతులెత్తు."

"అయితే నేను పడుకోవడానికి లేదా బాబాయ్?"

"లేదు."

గుడ్డ మాత్రం పదిమందికే ఉంది. దర్జీ కత్తెర ఎత్తాడు. పదిమంది బనీన్లలోనూ కింది అంచు తలా కాస్త కత్తిరించాడు. ఆ ముక్కలన్నీ అతికితే పదకొండోది వచ్చింది.

ఆదివారమున, జనసముద్రఘోషల నడుమ (వచ్చినవారు బెంచీకి సగమే), నీలాంబరధారులగు పదుగురు యోధులు వంతులవారీగ బరిలో దిగి చేతులెత్తినప్పుడెల్ల పదుగురి బొడ్లును లోకమునకు దర్శనమిచ్చుచుండ, నడుమ స్తంభమొక్కడే అతుకులబనీను తొడలదాక వ్రేలాడ గౌరవముగ నిలిచెను. శత్రుసేనానాయకుడొకడు ఝంఝామారుతమువలె మెరుపు పైకి దుమికి, మార్గమధ్యమున స్తంభమును తాకి, వెల్లకిల పడి ఆకాశము చూచెను. మెరుపు తీరిగ్గా బంతి విసిరెను. బుట్టలో పడెను.

డిపో జట్టు చిత్తుగా ఓడింది. ఆ సంగతి ముఖ్యం కాదు. ఆ ఒక్క బంతికి బావమరిది వెనక్కి తిరిగి, చివరి బెంచీ మీదున్న దర్జీని చూసి, తల ఒక్క పిసరు ఊపాడు. దిగ్విజయమనగా అదియే! దుందుభులు మ్రోగవలెను, పుష్పవృష్టి కురియవలెను. స్తంభం మోకాలు రుద్దుకున్నాడు.

ఆట అయ్యాక బావమరిది దగ్గరికి వచ్చాడు. "బావా, మొన్న అక్క గురించి నేనన్నది..."

"ఆ ఊసు నా దగ్గర ఎత్తకు," అన్నాడు దర్జీ. "నేనూ ఎత్తను."

ఎత్తలేదు.