ఎవరూ చూడని వాక్యం

సోమవారం ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. సన్నని తుంపర, గాలి లేదు. సరిగ్గా అప్పుడే నాకొక సత్యం బోధపడింది. వెబ్ పేజీలో మాటలను కంటికి కనబడకుండా దాచడమంత గొప్ప మర్యాద లోకంలో మరొకటి లేదు!

నవ్వకండి, వివరిస్తాను. చూపున్నవారికి బొమ్మ చాలు. చూపులేనివారికి ఫోన్ చదివి వినిపించాలి కనుక బొమ్మ వెనుక నాలుగు మాటలు దాచిపెడతారు. పేజీ అందం చెడదు, వినేవారికి లోటు రాదు. ఇంతకంటే ఏం కావాలి?

మా అక్కకు చూపు లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ఫోన్ తెర ఆర్పేసి, చెవులే ఆధారంగా సమస్త వ్యవహారాలూ చక్కబెడుతుంది. ముందురోజు ఆమె కుడి చెవి హఠాత్తుగా మందగించింది. ఆలస్యమైతే వినికిడి తిరిగి రాకపోవచ్చు. అందుకే పొద్దున్నే ఆసుపత్రి పేజీ తెరిచింది. సాయం చేయబోయాను.

"నువ్వు పక్కకు జరగవే. లైను కలపడం నాకు నేర్పుతావా?" అంది.

ఆ పేజీలో విభాగానికొకటి చొప్పున మూడు బొమ్మలున్నాయని తర్వాత తెలిసింది: చెవి, పన్ను, పసిబిడ్డ. ఫోన్ మాత్రం మూడింటికీ ఒకే వాక్యం, ఎంతో స్పష్టంగా, చదివింది: "ఇక్కడ ఏదో ఒకటి రాసెయ్, ఎవరూ చూడరు."

ఎంత నిజాయితీ! కళ్లున్న మనకు ఏ కార్యాలయమైనా తన మనసులో మాట ఇంత దాపరికం లేకుండా చెప్పిందా?

అక్క బాగా ఆలోచించి మూడోది నొక్కింది. అపాయింట్‌మెంట్ ఖరారైందంటూ ఫోన్ తేదీ చెప్పింది, విభాగం చెప్పలేదు. తొమ్మిదో రోజున వెళితే అది ప్రసూతి విభాగం. ఎన్నో నెల అని నర్సు అలవాటుగా అడిగింది.

"డెబ్బై నాలుగో ఏడు నడుస్తోందమ్మా," అంది అక్క.

గర్భిణులందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. చెవి డాక్టరు ఐదు వారాల తర్వాత గానీ దొరకలేదు.

పేజీ తయారుచేసిన ఇంజనీరుకు ఫోన్ చేశాం. అతను ఎంతో ఓపికగా, "అవి దాచిన మాటలండీ పెద్దమ్మగారూ, కనిపించవు కదా," అన్నాడు.

"నాకు అవే కనిపిస్తాయి నాయనా," అంది అక్క.

దాచడం మర్యాదేనని ఇప్పటికీ వాదిస్తాను. కాకపోతే ఆ మాటల కోసం అవతల ఒక మనిషి కాచుకుని ఉంటుందని, దాచినవారిలో ఒక్కరికైనా తట్టి ఉండవలసింది.

ఆరేళ్ల తర్వాత ఆసుపత్రివారు కొత్త పేజీ తయారుచేసి, విడుదలకు ముందు అక్కను పిలిచి వినమన్నారు. ఆమె ఎడమ చెవితో విన్నది. కుడిది అప్పటికే పూర్తిగా పోయింది.