రాళ్లకుంట బడిలోకి దిగిన గీత

జిల్లా విద్యాఫీసు కంప్యూటర్లో బడి పిల్లల హాజరు మీద గీసిన ట్రెండ్ లైన్ సోమవారం పొద్దున తెర దాటి, కిటికీ దూకి, నలభై కిలోమీటర్లు సాగి రాళ్లకుంట బడిలోకి వచ్చింది. ఎర్రగా, వేలెడు మందాన ఉంది. నల్లబల్ల పై అంచు దగ్గర మొదలై, వాలుగా దిగి, వంటగది గడప దగ్గర నేలలోకి పోయింది. నేలను తాకిన చోట ‘మార్చి’ అని రాసి ఉంది.

మధ్యాహ్న భోజనం వండే సాయవ్వ దాన్ని చీపురుతో దులిపి చూసింది. పోలేదు. హెడ్మాస్టరు శంకరయ్య సర్క్యులర్ చదివి వినిపించాడు. గీతను కదిలించరాదు. పిల్లలు దాని కింద వంగి నడవాలి. మార్చి ముగిసేలోపు పిల్లలు సున్నా అవుతారు కనుక వాళ్లను ఎనిమిది కిలోమీటర్ల అవతలి బడిలో కలుపుతారు. సున్నా మంది పిల్లల్ని ఎలా కలుపుతారో సర్క్యులర్లో లేదు.

సాయవ్వ మనవరాలు రజిత అక్కడే మూడో తరగతి. అవతలి బడికి పోవాలంటే నాలుగు లైన్ల రోడ్డు దాటాలి. ఆడపిల్లను ఆ రోడ్డు దాటించే ఇల్లు రాళ్లకుంటలో లేదు. బడి పోతే రజిత చదువు అంతటితో సరి.

సాయవ్వ బస్సెక్కి ఆఫీసుకు పోయింది. లెక్కలు చూసే విఠల్‌రావు తెర మీద నాలుగు చుక్కలు చూపించాడు. సెప్టెంబరులో ముప్పై ఒక్కమంది పిల్లలు, అక్టోబరులో ఇరవై ఆరుగురు, నవంబరులో ఇరవై ఒక్కమంది, డిసెంబరులో పదహారుమంది. అడ్డంగా గీసిన సగటు గీత కూడా ఉంది గానీ అది తెరలోనే పడుంది. సగటుకు ఏ ఊరికీ పోవాల్సిన పని పడదు.

“గవి పత్తి ఏరే నెలలు సారూ. పోరగాండ్లు చేన్లకు పోతరు. చేను ఖాళీ అయితే మళ్ల బడికొస్తరు.”

“గీతకు పత్తి తెల్వదమ్మా. చుక్కలే తెలుసు.”

“గట్లయితే చుక్క నేనే తెస్త.”

జనవరి లెక్క రోజున సాయవ్వ ఇల్లిల్లూ తిరిగింది. బతిమాలింది, తిట్టింది, ఇద్దరిని చేలోంచి చెవి పట్టుకుని లాక్కొచ్చింది. ముప్పై ఒక్కమంది. అందరికీ అన్నం, గుడ్డు పెట్టింది. శంకరయ్య ఫోన్లో లెక్క పంపాడు. గీతకు అంత ఎత్తున ఒంటి చుక్క కనబడేసరికి విఠల్‌రావు దాన్ని తీసేశాడు. దారి తప్పిన చుక్కను ఉంచితే గీత చెడుతుంది. తీసెయ్యడం ఆఫీసు పద్ధతి.

చుక్క పోయాక, సాయంత్రం బడి గంట కొట్టేలోపు అన్నం వండిన గంజు మళ్లీ నిండిపోయింది. ఒలిచిన గుడ్లకు పెంకులొచ్చాయి. ముప్పై ఒక్కమందీ పొద్దుట్నుంచి గడప దాటనట్టు ఎవరింట్లో వాళ్లు ఆకలితో కూర్చున్నారు.

“నాయినమ్మా, ఇయ్యాల బడి లేదా?” అంది రజిత.

సాయవ్వ ఫోన్ చేసింది. విఠల్‌రావు మర్యాదగానే మాట్లాడాడు.

“గంత మీదికి రావద్దమ్మా. ఈ నెలకు గీత మీద పదకొండు ఉన్నది. పదకొండు మందిని పంపు, ఎవ్వలూ తీసెయ్యరు.”

“గప్పుడు బడి ఉంటదా?”

“మార్చి దాకా ఉంటది.”

ఇప్పుడు రోజూ పొద్దున సాయవ్వ గేటు దగ్గర నిలబడుతుంది. పదకొండో పిల్ల లోపలికి పోగానే చెయ్యి అడ్డం పెడుతుంది. మిగిలినవాళ్లు చేలకు పోతారు. గీతను ఇంత పద్ధతిగా పాటించే బడి జిల్లాలో లేదని ఆఫీసు నుంచి మెచ్చుకోలు కాగితం వచ్చింది. సాయవ్వ దాన్ని గీతకే తగిలించింది, పక్కన మసిగుడ్డ ఆరేసింది.

బుధవారం రజిత పన్నెండోది అయింది. సాయవ్వ చెయ్యి తియ్యలేదు. పిల్ల పలక నాయినమ్మ చేతికిచ్చి చేను దారి పట్టింది.

చేలో ఏ గీతా లేదు. అయినా రజిత వంగే నడుస్తోంది. పత్తి ఏరేటోళ్లకు గా ఎత్తు సరిపోతదని చేను ఆసామి అన్నాడు.