నా ముక్కు, అత్తయ్య కనుబొమ్మలు

ఈ లోకంలో ముక్కులు రెండు రకాలు. గాలి పీల్చుకోవడానికి పుట్టినవి ఒక రకం. రెండో రకం నాది!

మా మసాలా కంపెనీలో నేను వాసన పరీక్షాధికారిణిని. మిరియాలైనా, లవంగాలైనా, ఎండుమిరప కారమైనా నా ముక్కు ‘ఊఁ’ అననిదే గుమ్మం దాటవు. ‘తొలి పలకరింపు యాలకులది, వీడ్కోలు మిరియాలది’ అని నేను రిపోర్టు రాస్తే చదివినవాళ్లు అక్కడికక్కడే తుమ్మేవారట!

ఒక్కటే చిన్న లోపం. మూడేళ్ల కిందట జ్వరం వచ్చి పోతూ పోతూ నా ముక్కుకున్న వాసన తెలిసే గుణమంతా పట్టుకుపోయింది. ఇది బయటపడితే ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగం పోతే పోయింది, మా తోడికోడలి ముందు తలెత్తుకోవడం ఎలా?

అందుకని నమూనాలు ఇంటికి తెచ్చుకునేదాన్ని. “ఏకాంతంలో తప్ప వాసన పలకదండీ” అంటే మేనేజరు తలూపి, దాన్నే కంపెనీ నిబంధన చేశారు. ఇంట్లో డబ్బా మూత తీసి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చి, అత్తయ్య చేతికిచ్చేదాన్ని. ఆవిడ చిటికెడు నాలుక మీద వేసుకునేది. మాట్లాడేది కాదు. ఒక కనుబొమ్మ లేస్తే ఘాటు. రెండూ లేస్తే అమోఘం. ముడిపడితే తిరస్కారం. ఆ కనుబొమ్మలు చూసి నేను కాగితాలు నింపేదాన్ని.

పోయిన వారం ఆఫీసులో నా బల్ల మీదున్న కొత్త మసాలా ఇంటికి తీసుకెళ్లాను. అత్తయ్య కనుబొమ్మలు రెండూ జుట్టులోకి ఎగబాకాయి! రెండు పేజీలు రాశాను. మేనేజరు దాని కింద ‘స్వయంగా వాసన చూసితిని, ఏకీభవించుచున్నాను’ అని సంతకం చేసి, డబ్బాకు సీలు వేయించారు.

మర్నాడు ఆఫీసులో గోదాము ఊడ్చే ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చింది.

“అమ్మగారూ, నా డబ్బా గానీ చూశారా?”

“ఏం డబ్బా?”

“నూనె ఒలికితే చల్లిన రంపపు పొట్టండీ. చేట విరిగిపోయిందని ఖాళీ డబ్బాలోకి ఎత్తి ఇక్కడ మరిచిపోయా. అయ్యో, ఇదేనండీ! దీనికి సీలేశారేంటి?”

నేను గబుక్కున డబ్బాను కొంగుతో కప్పేశాను. “ఎవరికీ చెప్పకమ్మా, నీకు పుణ్యం ఉంటుంది.”

“చెబితే మాత్రం ఎవరు నమ్ముతారండీ? పెద్దవాళ్లు ఇద్దరు సంతకాలు పెట్టాక అది మసాలానే!”

రిపోర్టు సంచిలో కుక్కుకుని ఇంటికొచ్చిపడ్డాను. మావారు భోంచేస్తున్నారు. అత్తయ్య వడ్డిస్తోంది.

“అత్తయ్యా! రంపపు పొట్టు తిని కనుబొమ్మలు ఎగరేస్తారా?”

“రంపపు పొట్టా? కొత్త రకం దాల్చినచెక్క అనుకున్నానే!” ఆవిడ గరిటె కింద పెట్టింది. “నాకు రుచి తెలియక నాలుగేళ్లయిందమ్మాయ్. చెబితే వంటింట్లో నా మాట చెల్లుతుందా? నువ్వు వాసన చూస్తూ మొహం ఎలా పెడితే అలా కనుబొమ్మలు ఎత్తేదాన్ని. అంత పెద్ద అధికారిణివి, నీకు తెలీదా అని!”

“నాకు వాసన తెలియక మూడేళ్లయింది!”

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అలవాటే కదా! తర్వాత ఇద్దరం ఒక్కసారే మావారి కంచం వైపు తిరిగాం.

“ఏమండీ, మరి ఇన్నాళ్లూ ఈ వంట ఎలా తిన్నారండీ?”

ఆయన మంచినీళ్లు తాగి గ్లాసు దించారు.

“ఇంట్లో ఇంత పెద్ద పరీక్షకులు ఇద్దరున్నారు కదా, తేడా నా నాలుకలోనే ఉందనుకున్నాను. మూడేళ్లుగా మందు వాడుతున్నాను.”