గుమ్మం మీద ఫ్యాన్‌లైట్

ఆ ఉదయం జిలానీ బాషా చేయాల్సిన పని ఒక్కటే. దుబాయ్ జుమైరాలో తన కఫీల్, అంటే తన వీసాకు పూచీ ఉన్న అరబ్బు షావుకారు, కట్టిస్తున్న ఇంటికి గుమ్మం మీద పని పూర్తిచేసి, మధ్యాహ్నానికి ఇల్లు అప్పజెప్పాలి. కఫీల్‌కు నచ్చిందా, నెల్లూరు నుంచి వచ్చి పెట్టుకున్న హార్డ్‌వేర్ దుకాణం నిలుస్తుంది. నచ్చలేదా, దుకాణమూ వీసా రెండూ ఖలాస్.

అది మామూలు ఇల్లు కాదు. ఆ మధ్య కఫీల్ అమెరికా వెళ్ళి, రెండు వందల ఏళ్ళనాటి ఇటుక ఇల్లొకటి చూసి మనసు పారేసుకున్నాడు. దాన్ని ఫెడరల్ స్టయిల్ అంటారట. నడిమధ్యన గుమ్మం, ముందు సన్నటి తెల్ల స్తంభాలు, రెండువైపులా త్రాసు పళ్ళేల్లా సరితూగే కిటికీలు. మంచి ఇటుక దొరకని చోట బాషా సిమెంటు బ్లాకులకు ఎర్రరంగు పూయించి, తెల్లగీతలు గీయించి, సరుకు సర్దుబాటు చేశాడు.

ఇంజనీరు సూరిబాబు పొద్దున్నే ఫోన్ చేసి, "గుమ్మం మీద ఫ్యాన్‌లైట్ పెట్టించండి. డ్రాయింగులో ఉందండి," అని పెట్టేశాడు.

బాషా డ్రాయింగు విప్పాడు. గుమ్మం మీద అర్ధచంద్రాకారం, అందులో రెక్కల్లా విచ్చుకున్న గీతలు.

"ఇదిగో ఫ్యాను. లైటు మనమే తగిలించాల," అన్నాడు.

జగిత్యాల మేస్త్రీ రాజలింగం తల గోక్కున్నాడు. "సగం ఫ్యానే ఉన్నది గద భాయ్?"

"మిగతా సగం గీసేదానికి ఇంజనీరుకు బద్ధకం. నువ్వు గోడ గుండ్రంగా పగలగొట్టు."

"ఇంట్లోళ్లకు గాలి గావాలె గనీ, బజార్ల పోయేటోళ్లకెందుకు?"

"డబ్బున్నోళ్ళ మర్యాద అట్నే ఉంటాదిలే. యల్లా, కానీ!"

గోదాములకు వాడే భారీ ఫ్యాను ఒకటి రెండేళ్ళుగా బాషా దుకాణంలో కదలకుండా పడి ఉంది. దానికీ ఒక గిరాకీ దొరికిందని సంతోషిస్తూ తెచ్చి బిగించాడు. పక్కనే ఒక బల్బు పెట్టి స్విచ్చి వేశాడు.

ముంగిట్లో గచ్చు కోసం పోసిన ఇసుక కుప్ప ఒక్కసారిగా లేచింది. లేచిన ఇసుక లేచినట్టే వెళ్ళి, రంగు తడి ఆరని స్తంభాలకు అంటుకుంది.

"ఆపు, ఆపు!"

"ఇసుకల స్విచ్చి కనవడ్తె గద భాయ్, ఆపనీకి!"

ఎలాగో ఆపారు. కడిగేద్దామని బాషా పైపు పట్టాడు. ఇసుక కదల్లేదు, గోడ మీది ఎర్రరంగు మాత్రం ధారలు కట్టి తెల్ల స్తంభాల మీదికి దిగింది. రాజలింగం గోనెపట్టాతో తుడవడం అందుకున్నాడు.

"తుడిచినకొద్ది పెరుగుతున్నది భాయ్."

"అయితే తుడవొద్దు!"

"తుడవకుంటె గట్లనే ఉంటది మల్ల!"

ఇంతలో కారు వచ్చి ఆగింది. ముందు దిగిన సూరిబాబు గుమ్మం చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఫ్యాన్‌లైటంటే విసనకర్రలా ఉండే అద్దాల కిటికీ అండీ బాబూ! కరెంటు ఫ్యానెవడు పెట్టమన్నాడండీ?"

వెనకే దిగిన కఫీల్ ఇంటి చుట్టూ తిరిగాడు. స్తంభాన్ని గోటితో గీకాడు. బాషా అప్పటికే మనసులో దుకాణానికి తాళం వేసేశాడు.

"నిన్నటిదాకా ఇది కొత్త ఇల్లు," అన్నాడు కఫీల్ చివరికి, తన గల్ఫు హిందీలో. "చూసినవాళ్ళంతా నవ్వారు. ఇప్పుడు రెండు వందల ఏళ్ళ ఇల్లయింది. శభాష్, జిలానీ!"

తర్వాత తనే స్విచ్చి వేసి గుమ్మం ముందు నిలబడ్డాడు. తెల్లటి అంగీ గాలికి బుడగలా ఉబ్బింది. "అమెరికావాళ్ళు ఇది పెట్టడం మరిచిపోయారు," అని సూరిబాబు వైపు తిరిగాడు. "డ్రాయింగులో మిగతా సగం కూడా గీయి."

దుకాణం నిలిచింది. మరుసటి వారం అదే వీధి నుంచి ఇద్దరు ఆసాములు బాషాను వెతుక్కుంటూ వచ్చి, తమ కొత్త ఇళ్ళు చెడగొట్టడానికి ఎప్పుడు వీలవుతుందని అడిగారు.